రెండు ముక్కల గోడ

ఏరు వంతెన మీదుగా పొంగి, దిగువ వీధుల్లో మూడు రోజులు ఛాతీ లోతున నిలబడి వెళ్లిన వరద తర్వాత రెండో ఏడు అది. వీధి చివర మూతపడ్డ మిల్లు ప్రహరీ మీద వరద గీసిన గీత అప్పటికింకా చెరగలేదు. గీతకు కింద మట్టి రంగు, పైన బూడిద రంగు. గోడకు అవతల, వరద తీశాక వీధుల్లోంచి ఎత్తి పోసిన ఒండ్రు దిబ్బకట్టి గట్టిపడింది. మిల్లే మూసేసుకున్నవాళ్లు మట్టి మాత్రం ఎందుకు తీయిస్తారు? ఇవతల వీధిలోంచి చూస్తే గోడ రెండు నిలువుల ఎత్తు. అవతల నుంచైతే మేక కూడా నడుచుకుంటూ వచ్చి గోడ నెత్తిన నిలబడుతుంది.

ఆ వీధిలో ఒక వడ్రంగి ఉండేవాడు. టీవీ ప్రకటనలకు సెట్లు వేసే షెడ్డులో పని. మాట బహు పొదుపు. పని చేసేటప్పుడు పెదాల మధ్య మేకులు పెట్టుకునే అలవాటు ఉండేది కాబట్టి, "ఆయన నోరు తెరిస్తే మేకులు రాలిపోతాయి, అందుకే తెరవడు" అని వీధిలో నవ్వుకునేవాళ్లు. ఆ మాట ఆయన చెవిన కూడా పడింది. దానికీ ఏమీ అనలేదు.

ఒక సాయంత్రం ఇస్త్రీకిచ్చిన చొక్కా తెచ్చుకుందామని నాలుగిళ్ల అవతలికి వెళ్లాడు. ఇస్త్రీ చేసే ఆవిడది ఒకటే గది. గుమ్మం దగ్గర బల్ల, బల్ల మీద నాలుగు మడతలు వేసిన దుప్పటి, పక్కన నీళ్ల గిన్నె. మూల ఎత్తున చెక్క మీద టీవీ. టీవీ కింద చాప మీద ఆవిడ కూతురు, పక్కిళ్ల పిల్లలు ఇద్దరు, మెడలు పైకెత్తి కూర్చున్నారు. కూతురికి ఏడేళ్లు. గడగడా మాట్లాడుతుంది, ఒక్కచోట నిలవదు. అందరూ పిచ్చిక అనే పిలుస్తారు.

"కూర్చో బాబాయ్, కాలరొక్కటే ఉంది" అంది ఆవిడ. వేళ్లతో నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించింది. సుయ్యిమని ఆవిరి లేచింది.

టీవీలో ఎలుకా పిల్లీ తరుముకుంటున్న బొమ్మలు ఆగిపోయి ప్రకటన వచ్చింది. ఎత్తైన ఇటుక గోడ. గోడ మీద రెండు జడల పిల్ల. చేతిలో గ్లాసు నిండా పాలు. గటగటా తాగి, పెదవి మీది తెల్ల మీసాన్ని ముంజేత్తో తుడుచుకుని, గాల్లోకి దూకింది. కింద నలుగురు మగపిల్లలు నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు. పిల్ల రెండు కాళ్ల మీద నేలకు దిగింది. దుమ్ము లేచింది. ఒక గొంతు అడిగింది: "తాగావా?" చాప మీద పిల్లలు ముగ్గురూ ఒక్క గొంతుతో అరిచారు: "దూకెయ్!"

పాలలో కలిపే పొడి డబ్బా టీవీ నిండా కనిపించింది.

"మన గోడే!" అంది పిచ్చిక, వేలు చూపించి. "అదుగో, తిరగేసిన ఇటుక. వరద గీత. చూశావా తాతా?"

వడ్రంగి చూడనక్కర్లేదు. ఆ గోడ చేసింది ఆయనే. మూడు నెలల కిందట షెడ్డు కాంట్రాక్టరు ఏదో పుస్తకంలోంచి చింపిన బొమ్మ చేతిలో పెట్టి ఇలాంటి గోడ చెయ్యమన్నాడు. బొమ్మ చూసి చెక్క కోయడం ఈయనకు చేతకాదు. ఉన్న వస్తువును తడిమి, కొలిచి, అప్పుడే రంపం పట్టుకుంటాడు. ముడులు వేసిన కొలతతాడు తీసుకుని, ఒక ఆదివారం పొద్దున మిల్లు గోడ దగ్గరికి వెళ్లి ఇటుక ఇటుకా కొలిచాడు. పైనుంచి మూడో వరసలో ఎవరో తాపీవాడు ఒక ఇటుక తిరగేసి పెట్టాడు, దాని గుంట బయటికి కనిపిస్తుంది. ఈయన ప్లైవుడ్డు మీద ఇటుకలు తీర్చినప్పుడు ఆ గుంట కూడా తీర్చాడు. వరద గీత తన చేత్తోనే గీసి తడిగుడ్డతో అలికాడు. ప్రకటన తీసేవాడు వచ్చి గోడను వేలితో తట్టి చూసి, "గోడంటే ఇదీ!" అన్నాడు. ఈయనకు రెండు రోజులు అన్నం బాగా సయించింది.

"తాతా, నువ్వు అక్కడే పని చేస్తావు కదా?" పిచ్చిక లేచి వచ్చి పంచె అంచు పట్టుకుంది. "ఆ పిల్ల నిజంగానే దూకిందా? లేకపోతే మాయా?"

"ఉత్తిదేనే, అదంతా మాయే" అన్నాడు చాప మీది కుర్రాడు.

"నిన్నడిగానా నేను? తాతనడిగాను."

వడ్రంగి చొక్కా అందుకున్నాడు. కాలరు ఇంకా వేడిగా ఉంది. పిచ్చిక కళ్లు ఆర్పకుండా చూస్తోంది.

"దూకింది" అన్నాడు.

"చూశావా! చూశావా!" అని పిచ్చిక కుర్రాడి నెత్తిన ఒకటి వేసింది.

అబద్ధమేమీ కాదు. ఆ పిల్ల దూకడం ఈయన కళ్లారా చూశాడు. ఏడుసార్లు దూకింది. అయితే గోడ ఒక్కటి కాదు, రెండు ముక్కలు. పై ముక్క నడుమెత్తు ఉంటుంది. దాని మీద నుంచి మూడు పరుపుల మీదికి దూకింది. కింది ముక్క ఇంకోచోట నిలబెట్టారు. దాని ముందు పీట మీద నుంచి నేల మీదికి దూకింది. ఆ రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ నిలబడలేదు. టీవీలోనే నిలబడ్డాయి. ఇదంతా చెప్పాలంటే బోలెడు మాటలు కావాలి. చొక్కా చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు.

*

మర్నాడు షెడ్డులో కొత్త పని మొదలైంది. కాంట్రాక్టరు చేతులు రుద్దుకుంటూ వచ్చాడు.

"పెద్దాయనా, పొడి కంపెనీవాళ్లకు మన గోడ తెగ నచ్చింది. ఇంకోటి తీస్తారట. ఈసారి మేడ మీద నుంచి. పిట్టగోడ కావాలి. పాత గోడ ముక్కలు కూడా పారెయ్యకు, కలిపి వాడతారట."

వడ్రంగి తల ఊపాడు. చెక్క బిగించి చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. పేళ్లు చుట్టలు చుట్టుకుని కాళ్ల దగ్గర పడుతున్నాయి. మధ్యాహ్నం దాటాక గుమ్మంలో నీడ పడితే తలెత్తాడు. ఆయన భార్య. ఇన్నేళ్లలో ఆవిడ ఎన్నడూ షెడ్డుకు రాలేదు. చెప్పులు లేకుండా వచ్చింది.

"పిచ్చిక గోడ మీద నుంచి దూకింది" అంది.

ఆయన పెదాల మధ్య మూడు మేకులున్నాయి. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఉంది" అంది ఆవిడ, ఆయన అడగకుండానే. "ప్రాణంతోనే ఉంది. కాలు విరిగింది. పద."

ఆసుపత్రిలో పిచ్చికకు నడుము నుంచి పాదం దాకా కట్టు వేశారు. తొడ ఎముక రెండు చోట్ల విరిగిందట. మంచం పక్కన తల్లి నిలబడి ఉంది. చేతికి ఇంకా ఇస్త్రీ గుడ్డ చుట్టుకునే ఉంది, తీసెయ్యాలని తోచినట్టు లేదు. వరండాలో వీధివాళ్లు నలుగురైదుగురు చేరారు.

"పిల్లని టీవీకి అప్పజెప్పి పని చేసుకుంటూ కూర్చుంటే ఇంతే మరి" అంటోంది ఒకావిడ, తగ్గించిన గొంతుతో, అందరికీ వినిపించేలా.

"గోడ మీద గ్లాసు కూడా దొరికిందటగా?"

"గ్లాసు పట్టుకుని అంత దూరం పోతుంటే తల్లికి తెలియలేదా అని!"

తల్లి వింది. ఇటు తిరగలేదు.

వడ్రంగి మంచం దగ్గరికి వెళ్లాడు. పిచ్చిక మొహం చిన్నదైపోయింది. ఆయన్ని చూసి చిన్నగా అంది, "తాతా, నేను మొత్తం తాగాను. చుక్క మిగల్చలేదు."

ఆయన మంచం అంచు పట్టుకున్నాడు.

"మూతి కూడా తుడుచుకున్నాను. అచ్చం అలాగే." పిల్ల కాసేపు ఆలోచించింది. "మా ఇంట్లో పొడి లేదు. ఉత్తి పాలు. అమ్మ పొడి కొననంది. పొడి వేసుంటే విరిగేది కాదు కదా తాతా?"

తల్లి గబుక్కున వంగి, జారని దుప్పటిని సర్దింది.

నర్సు వచ్చి అందరినీ బయటికి పంపింది.

ఇంటికి వచ్చాక భార్య కంచం పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన కలిపాడు కానీ నోట పెట్టలేదు.

"నిన్న ఆ పిల్ల నిన్నేదో అడిగిందట. పక్కింటి కుర్రాడు చెప్పాడు."

"ఊఁ."

"ఏమన్నావు?"

"దూకింది అన్నాను."

"పరుపుల మాట? షెడ్డువాళ్లు చెబితే విన్నాను."

ఆయన కంచంలోకే చూస్తున్నాడు.

"గోడ రెండు ముక్కలన్న మాట?"

"అనలేదు."

ఆవిడ మంచినీళ్ల చెంబు ఆయన ముందుకు జరిపింది. "నాతో మాట్లాడకపోతే పోనీ, నేను అలవాటు పడ్డాను" అంది చివరికి. "పిల్లలకేం తెలుస్తుందయ్యా, నువ్వు మింగేసిన మాటలు?"

*

బడి పెద్ద పంతులమ్మ ప్రకటన మీద ఫిర్యాదు రాసింది. పేపర్లో కూడా నాలుగు వరసలు పడ్డాయి. దాంతో ఆరో రోజునే విచారణ పెట్టారు. ప్రకటనల ఫిర్యాదులు వినే అధికారి ఒకావిడ. కంపెనీ మనిషి, కాంట్రాక్టరు, పిచ్చిక తల్లి, గోడ చేసిన వడ్రంగి రావాలని కబురొచ్చింది.

దారిలో కాంట్రాక్టరు వడ్రంగిని బండి వెనక ఎక్కించుకుని, మాటిమాటికీ మెడ తిప్పుతూ చెప్పాడు. "పెద్దాయనా, నిన్నో మాట అడుగుతారు. గోడ ఎక్కడిది అంటారు. ఊహించి చేశాననాలి. అంతే. నువ్వెలాగూ ఎక్కువ మాట్లాడవు, అది మన అదృష్టం. ఇది పోయిందంటే మేడ పని కూడా పోయినట్టే. షెడ్డులో అందరం చిప్ప పట్టుకోవాలి."

"ముందు చూసి నడుపు" అన్నాడు వడ్రంగి.

గదిలో పొడవాటి బల్ల, ఫైళ్లు, శబ్దం చేసే ఫ్యాను. కంపెనీ మనిషి నున్నగా గీసుకున్న గడ్డంతో, మృదువుగా మాట్లాడాడు.

"మేడమ్, పిల్లకు దెబ్బ తగలడం మాక్కూడా బాధే. మాకూ పిల్లలున్నారు. కానీ ఇది కల్పన. ఆ గోడ ప్రపంచంలో ఎక్కడా లేదు. లేని గోడ మీద నుంచి ఎవరు దూకుతారు చెప్పండి? ఇంట్లో పెద్దవాళ్లు ఒక కన్నేసి ఉంచితే..." అని తల్లి వైపు చూసి, వాక్యం అక్కడే వదిలేశాడు.

తల్లి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పని చేసుకుంటూనే చూసుకుంటానండి" అంది. "పిల్లల బొమ్మలు కదా అని చూడనిచ్చాను. పిల్లల బొమ్మల్లో పిల్లలకు కానిది పెడతారని నాకెలా తెలుస్తుందండి?"

అధికారి ఏదో రాసుకుంది. వడ్రంగి వైపు తిరిగింది.

"గోడ మీరే చేశారా?"

"నేనే."

"ఎక్కడ చూసి చేశారు?"

ఫ్యాను తిరుగుతోంది. కాంట్రాక్టరు బల్ల కింద కాలితో ఆయన కాలు తట్టాడు.

"మా వీధి చివరి మిల్లు గోడ" అన్నాడు వడ్రంగి.

కాంట్రాక్టరు కళ్లు మూసుకున్నాడు. కంపెనీ మనిషి నవ్వాడు. "పెద్దాయన పొరబడుతున్నాడు మేడమ్. గోడలన్నీ ఒకేలా ఉంటాయి."

"పైనుంచి మూడో వరస. కుడి నుంచి పదకొండో ఇటుక. తిరగేసి ఉంటుంది" అన్నాడు వడ్రంగి. "వరద గీత ఎడమ పక్క జానెడు కిందికి వాలుతుంది. అలాగే చేశాను. పిల్లలు గుర్తుపట్టారు. అది మా గోడే అనుకున్నారు." గుక్క తిప్పుకున్నాడు. అన్ని మాటలు ఒక్కసారిగా ఆయన ఆ ఏడాది ఎక్కడా మాట్లాడి ఉండడు. "నేను చేసింది నడుమెత్తు ముక్క. కింద మూడు పరుపులు. ఆ పిల్ల నిజంగా దూకిందా అని పాప నన్నడిగింది. దూకింది అన్నాను. మిగతాది చెప్పలేదు."

పిచ్చిక తల్లి తలెత్తి ఆయన్ని చూసింది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, అప్పుడు ఆవిడ కాలరు ఇస్త్రీ చేస్తూ అక్కడే ఉంది. అయితే చెప్పినదాన్నీ చెప్పనిదాన్నీ అలా విడదీసి ఆవిడ ఎన్నడూ చూడలేదు.

అధికారి కలం మూత పెట్టింది. "రేపు వచ్చి గోడ చూస్తాను" అంది.

అన్నట్టే వచ్చింది. పదిన్నరకల్లా కారు వీధిలో ఆగింది. వెనకే కంపెనీ మనిషి కారు. వీధంతా బయటికొచ్చింది. అధికారి చేతిలో ప్రకటన ఫోటో. ఇటుకలు లెక్కపెట్టింది. ఫోటోలో తిరగేసిన ఇటుక దగ్గర వేలు ఆపి, తలెత్తి గోడ పైకి చూసింది. వరద గీత వాలు చూసింది. "అచ్చు గుద్దినట్టుంది" అంది.

వడ్రంగి దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రకటన ఆగుతుందని ఆయనకు నమ్మకం కలిగింది. కాంట్రాక్టరు బండి ఎక్కడా కనిపించలేదు కాబట్టి, తన పని ఊడిందని కూడా అర్థమైంది. దానికిది చెల్లు అనుకున్నాడు.

అంతలో కంపెనీ మనిషి గోడ చివరికి నడిచి వెళ్లి అవతలికి తొంగి చూశాడు. దిబ్బ చూశాడు. జేబులోంచి ఫోను తీసి నాలుగు ఫోటోలు కొట్టాడు. తిరిగి వచ్చేటప్పటికి మొహం వెలిగిపోతోంది.

"మేడమ్, ఒకసారి ఇటు రండి. ఈ దిబ్బ చూడండి. పసిపిల్లలు నడుచుకుంటూ పైకి వచ్చేస్తారు. కంచె లేదు, కాపలా లేదు, బోర్డు లేదు. అసలు ప్రమాదం ఇక్కడుంది. మా ప్రకటన రాకముందు మాత్రం ఈ గోడ ఎవరూ ఎక్కలేదా?" వీధివాళ్ల వైపు తిరిగాడు. "ఏమ్మా, ఎక్కేవాళ్లా కాదా?"

"ఎక్కేవాళ్లే" అన్నారెవరో. నిజం. ఎక్కేవాళ్లు. గాలిపటాలు ఎగరేసుకుని, ఎక్కిన దారినే దిగేవాళ్లు. ఎవరూ దూకలేదు. ఆ రెండో మాట కంపెనీ మనిషి అడగలేదు, అడగని మాట చెప్పడం ఎవరికీ తోచలేదు. వడ్రంగి నోరు తెరిచేసరికి వాళ్లు కారు దాకా వెళ్లిపోయారు.

రెండు రోజులకు నిర్ణయం వచ్చింది. బడి పంతులమ్మ ఇస్త్రీ గది గుమ్మంలో నిలబడి చదివి వినిపించింది. మిల్లు యజమానులు గోడకు కంచె వేయాలి, హెచ్చరిక బోర్డు పెట్టాలి. కంపెనీ తన ప్రకటన అడుగున పిల్లలను హెచ్చరిస్తూ ఒక వరస చేర్చాలి. అది చేర్చాక ప్రకటన ఎప్పటి వేళకే వేసుకోవచ్చు.

"ఎప్పటి వేళకే అంటే?" అంది పిచ్చిక తల్లి.

"పిల్లల బొమ్మలప్పుడే" అంది పంతులమ్మ, కాగితం మడుస్తూ. "ఆ అధికారి నాతో ఫోనులో మాట్లాడింది. నా చేతిలో ఉన్నది ఇంతేనండీ అంది. పాపం, మంచిదే."

"మంచిదేనమ్మా" అంది తల్లి, ఇస్త్రీపెట్టె ఎత్తి. "అందరూ మంచివాళ్లే."

*

బోర్డు తొందరగానే వచ్చింది. కంచె రాలేదు.

మరో నాలుగు రోజులకు సాయంత్రం వడ్రంగి ఇస్త్రీ గదికి వెళ్లాడు. చొక్కాలేవీ లేవు, ఊరికే వెళ్లాడు. షెడ్డుకు రావొద్దని కాంట్రాక్టరు ఇంకా అనలేదు. మేడ పిట్టగోడ సగం చెక్కి ఉంది, అలాంటి చెయ్యి వాడికి ఇంకొకటి దొరకదు. పలకరించడం మాత్రం మానేశాడు. షెడ్డు తాళంచెవి ఎప్పట్లాగే ఈయన మొలతాడుకే ఉంది.

పిచ్చికను ఇంటికి తెచ్చేశారు. మంచం గోడవారగా వేసి, కట్టు కింద రెండు దిండ్లు పెట్టారు. టీవీ పెట్టనని తల్లి మూడు రోజులు పట్టుబట్టింది. కదల్లేని పిల్ల రోజంతా దూలం వైపు చూస్తూ పడుకుంటే చూడలేక, నాలుగో రోజు తనే పెట్టింది.

"తాతా, ఇప్పుడు అక్షరాలు కూడా వస్తున్నాయి" అంది పిచ్చిక. "ఆగు, వస్తుంది."

వచ్చింది. గోడ, జడలు, గ్లాసు. పిల్ల గాల్లోకి లేవగానే అడుగున తెల్లటి సన్న అక్షరాలు బారుగా వచ్చాయి, చీమలు నడిచినట్టు. వడ్రంగి మూడో తరగతి దాకా చదివాడు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటేనే మాట అవుతుంది. "ఇ... ది... ని..." అన్నాడు. పిల్ల నేల మీద దిగింది. దుమ్ము లేచింది. అక్షరాలు పోయాయి.

"నాకు 'ఇది' దాకా వచ్చింది" అంది పిచ్చిక. "నీకు?"

"నాకూ అంతే."

"పక్కింటి వాడికి 'ఇ' ఒక్కటే వచ్చింది" అని పకపకా నవ్వి, కట్టు కదిలి మూలిగింది. కాసేపటికి మళ్లీ అడిగింది, ఈసారి తల్లికి వినబడకుండా. "తాతా, ఆ అక్షరాల్లో పొడి వేసుకోకుండా దూకకూడదు అని రాసుందా?"

ఆయన సమాధానం చెప్పేలోపు వీధిలోంచి అరుపులు వినిపించాయి. బయటికొచ్చి చూశాడు. గోడ మీద ఇద్దరు పిల్లలు. ఈ వీధివాళ్లు కారు, టీవీలో వచ్చే గోడ ఇక్కడుందని విని వేరే వీధుల నుంచి వచ్చినవాళ్లు. ఇద్దరూ ఆడపిల్లలే, ఒకే పొడుగు. ఒకదాని చేతిలో స్టీలు గ్లాసు. వాళ్ల కాళ్ల కింద కొత్త బోర్డు మెరుస్తోంది. కింద ఈ వీధి పిల్లలు బారులు తీరి, "తాగావా? తాగావా?" అని అరుస్తున్నారు.

ఆయన పరుగెత్తి చాలా ఏళ్లయింది. పరుగెత్తాడు. అవతలి దిబ్బ మీదుగా ఎక్కి, వెనక నుంచి ఇద్దరినీ చెరో రెక్కా పట్టుకుని లాగాడు. గ్లాసు జారి వీధిలో పడి గణగణమంటూ దొర్లింది. పాలు వరద గీత దాకా ధార కట్టాయి.

"ఏంటి తాతా! ఇంకొంచెమైతే దూకేసేదాన్ని!" అంది గ్లాసు పిల్ల కోపంగా. "ఇది పొడి వేసిన పాలు. మా ఇంట్లో పొడి ఉంది!"

వడ్రంగి దిబ్బ మీద కూలబడ్డాడు. ఊపిరి అందడం లేదు. ఇద్దరి రెక్కలూ మాత్రం వదలలేదు.

*

మర్నాడు తెల్లవారగానే మొహం కడుక్కుని షెడ్డుకు వెళ్లాడు. తాళం తీశాడు. గోడ పై ముక్క వెనక మూల ఆనించి ఉంది. గుడ్డతో దుమ్ము దులిపాడు. ఆసరా కర్రలు నాలుగూ విప్పి, ముక్కను తోపుడు బండి మీద పడుకోబెట్టాడు. దాని మీద మూడు పరుపులు వేశాడు. మేకుల డబ్బా, సుత్తి పెట్టుకున్నాడు. తలుపు వేసి, తాళంచెవి మొలతాడు నుంచి విప్పి, తాళానికే ఉంచేశాడు.

ఇస్త్రీ గది ముందు బండి ఆపి, "అమ్మాయ్" అని పిలిచాడు.

పిచ్చిక తల్లి బయటికి వచ్చింది. బండి చూసింది. పరుపులు చూసింది. ఆయన మొహం చూసింది. లోపలికి వెళ్లి కూతుర్ని రెండు చేతుల మీదా తెచ్చి పరుపుల మీద పడుకోబెట్టి, కట్టు కింద దిండ్లు సర్దింది. బండి ఒక పక్క తను పట్టుకుంది.

బడి గంటకు ఇంకా అరగంట ఉంది. గేటు ముందు ఖాళీ జాగాలో తల్లి పిచ్చికను ఎత్తుకుంటే, వడ్రంగి పరుపులూ గోడ ముక్కా దించాడు. ఒక పరుపు మళ్లీ బండి మీద పిచ్చిక కిందికి వేసి, ముక్కను నిలబెట్టి, ఆసరా కర్రలు కొట్టాడు. సుత్తి చప్పుడుకే పిల్లలు మూగారు.

"మిల్లు గోడ!"

"టీవీ గోడ రా! తిరగేసిన ఇటుక చూడు!"

"ఇంత పొట్టిదేంటి? నా భుజం దాకా కూడా లేదు."

"మిగతాది ఏది తాతా?"

"మిగతాది లేదు" అన్నాడు వడ్రంగి. పిచ్చిక పడుకున్న పరుపు ఒకటి బండి మీదే ఉంచి, మిగతా రెండూ గోడ ముందు పరిచాడు. "ఆ పిల్ల దూకింది ఇంతే. ఇంకో పరుపు కూడా వేశారు. కింద దిగింది వేరేచోట, పీట మీద నుంచి. ఇది నేనే చేశాను. నడుమెత్తు ముక్క. అవతల మీరు ఎక్కే గోడ నిజంది, ఇది దాన్ని చూసి చేసిన చెక్క."

పిల్లలు నమ్మలేదు. ఒకడు గోడను వేలితో పొడిచాడు. బోలుగా మోగింది. నిన్నటి గ్లాసు పిల్ల వెనక నిలబడి ఉంది. అదీ ఈ బడే.

పిచ్చిక మోచేతుల మీద లేచింది. "మరి పాలో తాతా? పొడి పాలేగా?"

"సుద్ద నీళ్లు" అన్నాడు. "పాలు లైట్ల వేడికి విరుగుతున్నాయని సుద్ద కలిపారు. తాగలేదు. ప్రతిసారీ పక్కన బకెట్లో ఉమ్మేసింది."

"ఛీ!" అన్నారు పిల్లలు. నవ్వులు పుట్టాయి. ఉమ్మేసింది, ఉమ్మేసింది అని ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు.

పిచ్చిక నవ్వలేదు. తల తిప్పి తల్లి వైపు చూసింది. "అమ్మా, పొడి వేసినా విరిగేదే" అంది.

తల్లి బండి చట్రాన్ని గట్టిగా పట్టుకుంది. "విరిగేదేనే తల్లీ" అంది.

వడ్రంగి గోడ వెనక్కి వెళ్లి, పిల్లలందరినీ ఇటు రమ్మన్నాడు. సెట్టు వెనకవైపు బయటివాళ్లకు చూపించడం ఆ పనివాళ్లు ఎన్నడూ చేయరు. ఉత్త ప్లైవుడ్డు, అడ్డకర్రలు, జిగురు కారిన మరకలు, వంకర పోతే మడిచి కొట్టిన మేకులు. ఒక్కొక్కటీ వేలితో చూపించి అది ఎందుకో చెప్పాడు. తర్వాత అందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కళ్లనీ గోడ మీదికి ఎక్కించి పరుపుల మీదికి దూకమన్నాడు. మొదటివాడు దూకి, లేచి, "ఇంతేనా!" అన్నాడు. రెండోది కూడా అదే అంది.

కాంట్రాక్టరు బండి దుమ్ము రేపుకుంటూ వచ్చి గేటు ముందు ఆగేసరికి, గ్లాసు పిల్ల వంతు వచ్చింది. కాంట్రాక్టరు దిగకుండానే కేక వేశాడు. వడ్రంగి అటు తిరగలేదు. పిల్ల చంకల కింద చేతులు వేసి ఎత్తి, గోడ మీద నిలబెట్టాడు.